ఖాళీ కాని పేరు

స్కార్వొయ దీవి
2 డిసెంబరు 1956

సిగ్నె వదినకి,

వెతకడం ఆపేశారు. పోయిన సోమవారం పాస్టరుగారు పడవలో వచ్చి ఆ మాట చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. ఐలిఫ్ పడవ దొరికింది అక్టోబరు పదిహేడున. ఇవాళ్టికి నలభై ఆరు రోజులు. పడవలో వలలు పొడిగా ఉన్నాయి. రొట్టె డబ్బా మూత తీయలేదు. ఇంజను ఆపి ఉంది. మనిషి లేడు. పత్రికలో ఆ వార్త రాసింది నువ్వే కాబట్టి ఇవన్నీ నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. నాకు ఐదో నెల. అతను వెళ్ళేనాటికి చెప్పలేదు. మొదటిసారి నిలవలేదు కదా, మూడు నెలలు గట్టిగా దాటాక చెబుదామనుకున్నాను.

అత్తకి చెప్పాను. ఆవిడ అల్లిక పక్కన పెట్టి వెంటనే అంది: "మగపిల్లాడైతే ఐలిఫే. నా కొడుక్కి సమాధి లేదు. పేరన్నా ఒకచోట నిలబడాలి కదే."

ఈ ఇంటి లెక్క నీకు తెలిసిందే. తండ్రి బతికుంటే మొదటి మగపిల్లాడికి తాత పేరు, అంటే మామయ్య పేరు హాల్వర్. తండ్రి పోయాక పుడితే తండ్రి పేరు. కాబట్టి ఏం పేరు పెడతావని నన్నడగడమంటే, మీ ఆయన ఉన్నాడా లేడా చెప్పమని అడగడమే. బతికున్నవాడి పేరు తీసి ఇంకొకరికి పెడితే ఆ ఇద్దరిలో ఒకరే మిగులుతారని పెళ్ళైన కొత్తలో నాకు చెప్పింది మీ అమ్మే. ఇప్పుడు ఆవిడే పెట్టమంటోంది.

ఇంకోటి. పోయినవాడు పేరు అడగడానికి కడుపుతో ఉన్న మనిషి కలలోకి వస్తాడు. మా పిన్నికి అలాగే మా తాత వచ్చాడు, పొయ్యి దగ్గర కూర్చుని బూట్లు విప్పుకున్నాడట. నాకు ఐలిఫ్ ఒక్కసారి కూడా రాలేదు. అత్తకి మాత్రం వస్తున్నాడట, తడిబట్టలతో గుమ్మంలో నిలబడుతున్నాడట. తల్లి కొడుకుని కలగనడం వేరు. అది పేరు కోసం కాదు.

నీకు ఇలాంటివి పట్టవని తెలుసు. అందుకే నిన్నడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

తూరిద్


ట్రోమ్సో
11 డిసెంబరు 1956

తూరిద్‌కి,

నీ ఉత్తరం శనివారం అందింది. బిడ్డ సంగతి చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. జాగ్రత్తగా ఉండు. బావి నుంచి నీళ్ళు నువ్వు మొయ్యకు. అమ్మకి కోపమొస్తే రానీ.

నువ్వు అడిగినదానికి నా జవాబు: ఆగు. శవం దొరకలేదు. చూసినవాళ్ళు లేరు. పడవ కట్టుతాడు తెగలేదని, విప్పినట్టే ఉందని పోలీసాయన నాతో అన్నాడు. దానికి అర్థమేమిటో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు నేను పత్రికలో రాయను. నువ్వు చర్చి పుస్తకంలో రాయించనక్కర్లేదు. బిడ్డ పుట్టాక పేరు నమోదుకి ఆరు నెలల గడువుంది. ఎవరూ నిన్ను తొందరపెట్టలేరు. అమ్మ పెడుతుంది, ఆవిడకి చట్టం వర్తించదు.

విచిత్రమేమిటంటే మా ఎడిటరు ఇప్పుడు నాకు అంటగట్టిన పని కూడా పేర్లే. ప్రతి శనివారం పిల్లల పేర్లు, వాటి అర్థాలు, అక్షరక్రమంలో. ఊళ్ళో పుట్టే పిల్లలు ఎక్కువయ్యారట, అమ్మలు చదువుతారట. నిఘంటువులు రెండు తెచ్చుకున్నాను. ఆర్నె అంటే గద్ద. బ్యోర్న్ అంటే ఎలుగుబంటి. దాగ్ని అంటే కొత్త పగలు. మీ పోస్టాఫీసు గున్‌హిల్డ్ పేరులో రెండు ముక్కలుంటే రెండింటికీ యుద్ధమనే అర్థం. నీది తోర్ దేవుడి అందం. నాది కొత్త విజయం. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంకా కొత్తదేనా అన్నాడు ఎడిటరు.

హాల్వర్ అంటే రాతిబండకి కాపలావాడు. మంచి పేరు. నాన్న కూడా అలాగే ఉండేవాడు. ఐలిఫ్ అంటే ఎప్పటికీ మిగిలేవాడని ఒక పుస్తకం, ఎప్పటికీ వారసుడని ఇంకోటి. అక్షరక్రమంలో వాడి వంతు ఫిబ్రవరిలో వస్తుంది. రెండూ వేస్తాను.

సిగ్నె


స్కార్వొయ
20 జనవరి 1957

వదినా,

మీ శనివారం పత్రిక ఇక్కడికి బుధవారం వస్తుంది. పోస్టాఫీసు కూడా ఉన్న దుకాణంలో గున్‌హిల్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని గట్టిగా చదువుతుంది, అందరూ మూటలు పట్టుకుని నిలబడతారు. తన పేరుకి అర్థం నువ్వు ముందే నాకు రాశావని చెబితే, "యుద్ధం, మళ్ళీ యుద్ధమా? మా ఆయనకి ఈ ముక్క చదివి వినిపించాలి, రాత్రుళ్ళు కాస్త బుద్ధిగా ఉంటాడు" అంది. మూడు నెలల తర్వాత నవ్వాను. నవ్వాక అందరూ నా వంక చూశారు.

అత్త మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక అంది, "పేరుకి అర్థమేంటి? నా కూతురికి పట్నంలో పనిలేక. పేరుకి అర్థం ఉండదే, మనిషి ఉంటాడు."

"మనిషి ఉన్నాడో లేదో తేలనీ అత్తా, అదేగా నేనంటోంది" అన్నాను.

"తేలడం ఏంటే? సముద్రం మీద పోయినవాళ్ళు తేలితే ఈ దీవిలో సగం కుర్చీలు ఖాళీగా ఎందుకుంటాయి?"

ఆవిడ చెడ్డది కాదు. పొద్దున నాకంటే ముందు లేచి పొయ్యి వెలిగిస్తుంది. ఎండుచేపలో మెత్తటి ముక్క నా పళ్ళెంలో వేస్తుంది. కానీ ఐలిఫ్ వానకోటు తలుపు వెనక కొక్కానికే ఉంది, అది తీయనివ్వడం లేదు నేను. దాన్ని దాటినప్పుడల్లా ఆవిడ తల తిప్పుకుంటుంది. చలికాలపు చీకటి పోయి పొద్దు పెరిగాక కోటుని ఉతికి ఎవరికైనా ఇచ్చేద్దాం అంటుంది. చేపలవాళ్ళ భార్యలు కూడా అదే పాట. పేరు పెట్టెయ్యి, నీకూ ఒక దారి ఏర్పడుతుంది అంటారు. వాళ్ళ ఉద్దేశం ఏ దారో నాకు తెలుసు. మొన్న పాస్టరుగారు కూడా పెళ్ళికాని తన తమ్ముడి ప్రస్తావన తెచ్చారు.

ఆగమన్నది నువ్వొక్కదానివే. ఆ ఉత్తరం నా తలగడ కింద ఉంది. అతనింకా కలలోకి రాలేదు. ఈ మాట మీ అమ్మకి చెప్పను, నీకు చెబుతాను: రాని ప్రతి రాత్రీ నాకు ఒక సాక్ష్యం.

తూరిద్


ట్రోమ్సో
24 ఫిబ్రవరి 1957

తూరిద్‌కి,

పని ఒత్తిడిగా ఉంది, క్లుప్తంగా రాస్తున్నాను.

డిసెంబరులో నేను నీకు రాసింది తొందరపాటు. మళ్ళీ ఆలోచించాను. నాలుగు నెలలు గడిచాయి. ఆ నీళ్ళలో మనిషి పావుగంట బతకడు. నువ్వు ఇరవై ఆరేళ్ళదానివి. ఒక కొక్కానికి వేలాడే కోటుని చూస్తూ కూర్చోకూడదు. అమ్మ చెప్పేదాంట్లో న్యాయం ఉంది. మగపిల్లాడైతే ఐలిఫ్ అని పెట్టు. అంతటితో ఆ అధ్యాయం మూసెయ్యి.

దీని మీద నన్ను మళ్ళీ ఏమీ అడగకు.

సిగ్నె


స్కార్వొయ
8 మార్చి 1957

వదినా,

అడుగుతున్నాను.

శనివారం పత్రిక వచ్చింది. ఐనార్ ఉన్నాడు, ఒంటరిగా పోరాడేవాడని రాశావు. ఐరిక్ ఉన్నాడు. ఎలింగ్ ఉన్నాడు, ఆ పేరుతో ఈ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఐలిఫ్ లేడు. గున్‌హిల్డ్ వేలితో వరస పట్టుకుని చదివి, ఆగి, "మీ ఆడపడుచు సొంత తమ్ముణ్ణే మర్చిపోయిందేం?" అంది. అత్త తాడు అమ్మే మూల వైపు తిరిగి నిలబడింది.

రెండు అర్థాలూ వేస్తానన్నావు. నువ్వు అన్నమాట తప్పే మనిషివి కాదు. పన్నెండు ఆదివారాల కింద "తెలియనిదాన్ని తెలిసినట్టు రాయను" అన్నావు. ఇప్పుడు పావుగంట బతకడు అంటున్నావు. అక్టోబరులోనూ నీళ్ళు అంతే చల్లగా ఉన్నాయి కదా. ఈ మధ్యలో నీకు కొత్తగా ఏం తెలిసింది?

ఏదైనా తెలిస్తే చెప్పు. శవం దొరికిందా? కడుపుతో ఉన్నానని దాస్తున్నావా? నేను తట్టుకుంటాను. తట్టుకోలేనిది ఒకటే, నువ్వూ అందరిలా మాట్లాడటం.

తూరిద్


ట్రోమ్సో
25 మార్చి 1957

తూరిద్‌కి,

ఇది నీకు రాయాలా వద్దా అని నాలుగు వారాలు తటపటాయించాను. రాయకపోతే నువ్వు నమ్మవు కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి మూడో వారంలో ఐలిఫ్ నా కలలోకి వచ్చాడు. నా గదిలో, రాతబల్ల పక్కన. బట్టలు పొడిగా ఉన్నాయి. నేను పనిలో ఉన్నప్పుడు వెనక నిలబడి చదివే అలవాటు వాడికి చిన్నప్పుడు ఉండేది, అలాగే నిలబడ్డాడు. "అక్కా, తూరిద్ దగ్గరికి వెళ్ళలేకపోతున్నాను. నా పేరు పిల్లాడికి పెట్టమని నువ్వు చెప్పు" అన్నాడు. లేచేసరికి దీపం వెలుగుతూనే ఉంది.

నేను ఇలాంటివి నమ్మనని నీకు తెలుసు. పత్రికలో ఆ పేరు వేయలేకపోయింది అందుకే, చెయ్యి రాలేదు. నీ దగ్గరికి ఎందుకు రాలేదో నాకు తెలియదు. నా దగ్గరికి వచ్చి అడిగాడు. అడిగినది నీకు చేరవేశాను.

సిగ్నె


స్కార్వొయ
5 మే 1957

వదినా,

ఏప్రిల్ పద్నాలుగున మగపిల్లాడు. మంత్రసాని యోర్దిస్ మంచులో పడవ వేయించుకుని వచ్చింది. మూడు కిలోల తొమ్మిది వందలు. "వీడు పుట్టడానికి రాలేదు, కూర్చోవడానికి వచ్చాడు" అంది. కుడిచెవి పైన చిన్న నొక్కు ఉంది, ఐలిఫ్‌కి ఉన్నట్టే. పాలు బాగా తాగుతాడు. తాగుతున్నప్పుడు నా జడ చివర పట్టుకుంటాడు, వదలడు.

నీ కల గురించి రోజూ ఆలోచించాను. అత్త చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. గున్‌హిల్డ్ చెప్పి ఉంటే నవ్వేదాన్ని. నువ్వు అబద్ధం రాయవు. పైగా నువ్వు కలలు నమ్మవు. నమ్మనివాళ్ళకి వచ్చిన కల కాబట్టి అది నిజమే అయి ఉండాలి. నా దగ్గరికి రావడానికి ఎందుకు మొహం చెల్లలేదో అతనికే తెలియాలి. బయల్దేరిన పొద్దున ఇద్దరం మాటా మాటా అనుకున్నాం, చిన్నదానికే. అదేనేమో.

వానకోటు కొక్కెం నుంచి తీశాను. ఉతకలేదు. మడిచి పెట్టెలో పెట్టాను. అత్త పక్కన నిలబడి చూసింది, తర్వాత మొదటిసారి నా ముందు ఏడ్చింది.

పేరు పెడతాను. కానీ తొందరేమీ లేదు కదా. ఆరు నెలలని నువ్వే అన్నావు. సెప్టెంబరులో పెట్టిద్దాం. చర్చికి పడవలో రెండు గంటలు, వీడింకా చిన్నవాడు. టీకాలు వేసే నర్సు ఆగస్టులో వస్తుందట. అవి కూడా అయ్యాక వెళ్తాను. అప్పటిదాకా వీణ్ణి "చిన్నోడా" అని పిలుస్తాను.

తూరిద్


ట్రోమ్సో
22 మే 1957

తూరిద్‌కి,

సెప్టెంబరు దాకా ఆగొద్దు. ఆగిన కొద్దీ మనసు మళ్ళీ వెనక్కి పోతుంది. అమ్మ ఆరోగ్యం నాకు నమ్మకంగా లేదు. జూన్ తొమ్మిది పెంతెకొస్తు పండగ ఆదివారం. చర్చిలో అందరూ ఉంటారు, ఒకేసారి అందరికీ తెలుస్తుంది, ఇంటింటికీ చెప్పుకోనక్కర్లేదు. నాకు మూడు రోజులు సెలవిచ్చారు. పిల్లాణ్ణి నేనే ఎత్తుకుంటాను. మన ఇంట్లో పిల్లల్ని ఎత్తుకున్న మేనత్తలందరూ వేసుకున్న తెల్ల శాలువా అమ్మ దగ్గర ఉంది, తీసి ఎండలో వెయ్యి.

ఈ వారం ఒక దగ్గు పట్టుకుంది. అచ్చుగదిలో అందరికీ ఉంది. వసంతం కదా, వచ్చేలోపు తగ్గిపోతుంది.

సిగ్నె


ట్రోమ్సో
13 జూన్ 1957

తూరిద్‌కి,

క్షేమంగా చేరాను. మీరందరూ రేవులో నిలబడి చెయ్యి ఊపడం ఓడ మలుపు తిరిగేదాకా కనిపించింది.

బాప్తిస్మం నీళ్ళు తలమీద పడినా వాడు ఏడవలేదు. నా వేలు పట్టుకుని పాస్టరుగారి గడ్డం వంక చూశాడు. పేరు బయటికి చెప్పినప్పుడు వెనక వరసలో మగవాళ్ళు టోపీలు ఛాతీకి పెట్టుకోవడం నువ్వు చూశావో లేదో. అమ్మ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

మంచి పనే చేశాం. అలాగే అనుకోవాలి.

సిగ్నె


స్కార్వొయ
8 జులై 1957

వదినకి,

పిల్లాడు పోయాడు. గురువారం, జులై నాలుగు, పొద్దున పదకొండు గంటలకి. పన్నెండు వారాలు నిండటానికి మూడు రోజులు తక్కువ.

జూన్ పద్దెనిమిదిన ముక్కు కారింది. ఇరవై రెండున దగ్గు. ఇరవై ఏడు నుంచి దగ్గుతూ దగ్గుతూ నీలంగా అయ్యేవాడు, తర్వాత ఊపిరి లోపలికి లాగేటప్పుడు కూత వచ్చేది. యోర్దిస్ విని, మొహం పక్కకి తిప్పుకుని, కోరింత దగ్గు అంది. ఇరవై తొమ్మిదిన డాక్టరు పడవకి కబురు చేశాం. పొగమంచు. జులై రెండున వచ్చింది. ఈ వయసులో చెయ్యగలిగింది తక్కువ అన్నాడు డాక్టరు. చివరి రోజు వాడికి కూత పెట్టే శక్తి కూడా లేదు. ఊపిరి ఆగేది, నేను తిరగేసి వీపు తట్టేదాన్ని, మళ్ళీ వచ్చేది. పదకొండింటికి రాలేదు.

ఇప్పుడు నిన్ను అడగవలసింది అడుగుతాను.

పెట్టె మూసేముందు అత్త వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా, ఎవరితోనో కాదు, వాడితోనే అంది: "నీ తప్పు కాదు నాన్నా. పేరు ఖాళీగా లేదు." తర్వాత నా వంక చూసింది. ఆవిడ మొహంలో ఏడుపు లేదు వదినా. భయం ఉంది. కొడుకు పోయాడని తొమ్మిది నెలలు నాతో వాదించిన మనిషి ఆ మాట అంది.

ఇద్దరిలో ఒకరే మిగులుతారని నాకు నేర్పింది ఆవిడే. పిల్లాడు పోయాడు. అంటే రెండోవాడు ఉన్నాడు. అందుకే నా కలలోకి రాలేదు. బతికున్నవాడు కలలోకి వచ్చి పేరెందుకు అడుగుతాడు? మరి నీ కలలోకి ఎలా వచ్చాడు? బట్టలు పొడిగా ఉన్నాయని రాశావు. మునిగినవాళ్ళు ఎవరి కలలోనూ పొడిబట్టలతో రారు. దుకాణంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఇక్కడ పుట్టి పెరిగి నువ్వు అది మర్చిపోయావు. అప్పుడే పట్టుకోవలసింది నేను.

ఐలిఫ్ బతికున్నాడా? అవునో కాదో ఒక్క మాట రాయి. ఇంకేమీ రాయకు.

తూరిద్


ట్రోమ్సో
14 జులై 1957

తూరిద్‌కి,

అవును.

ఇంకేమీ రాయొద్దన్నావు. కానీ నీకు దాచిన సంగతులు నా దగ్గర ఉండకూడదు.

ఫిబ్రవరి పంతొమ్మిదిన ఇంగ్లండులోని హల్ రేవు నుంచి వాడి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఇది: "అక్కా, నేను మునగలేదు. ఉత్తరాన రేవులో ఇంగ్లీషువాళ్ళ చేపల ఓడకి మనిషి తక్కువైతే ఎక్కాను. మన పడవ తాడు విప్పింది నేనే. నాకు తాత పేరు పెట్టారు, తాత పడవ ఇచ్చారు, బల్ల దగ్గర తాత కూర్చున్న చోటే కూర్చోబెట్టారు. తాత మునిగిన చోటికే రోజూ పంపారు. తూరిద్ మీద నాకు కోపం లేదు. తిరిగి రాను. ఎవరికీ చెప్పకు."

నీకు బిడ్డ పుట్టబోతున్నాడని నేను జవాబు రాశాను. అది తెలిస్తే వస్తాడేమోనని చిన్న ఆశ. మార్చిలో రెండో ఉత్తరం వచ్చింది: "మగపిల్లాడైతే నా పేరు పెట్టండి. అప్పుడు అందరికీ తెగిపోతుంది."

కల నేను కల్పించాను. నాకు ఏ కలా రాలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో లేనిది ఉన్నట్టు రాసింది అదొక్కటే. నువ్వు ఏ మాటని కాదనలేవో ఆ మాటే రాశాను.

ఎందుకంటే, నిజం చెబితే నువ్వు జీవితమంతా ఎదురుచూస్తావనుకున్నాను. అమ్మ మునిగిన కొడుకుని భరించగలదు, వదిలేసి పోయిన కొడుకుని భరించలేదనుకున్నాను. ఇవి రెండూ నాకు నేను చెప్పుకున్నవి. మూడోది, వాడు సముద్రంలో పోయాడని మొదటి వార్త వేసింది నేను. అది తప్పని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకొకటి. మా అచ్చుగది రాస్మూస్ పిల్లలు ముగ్గురికీ మేలో కోరింత దగ్గు వచ్చింది. నీ ఉత్తరం అందాక ఇక్కడ ఆసుపత్రి డాక్టరుని అడిగాను. పెద్దవాళ్ళలో అది మామూలు దగ్గులాగే ఉంటుందట. మొదటి మూడు నాలుగు వారాలు ఇంకొకరికి అంటుతుందట. నాకు మొదలైంది మే ఇరవై ప్రాంతంలో. బాప్తిస్మం జూన్ తొమ్మిదిన. పడవలో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పిల్లాడు నా చేతుల్లోనే ఉన్నాడు. సెప్టెంబరు అన్నది నువ్వు. జూన్ అన్నది నేను.

పేరు వల్ల ఎవరూ చనిపోరు తూరిద్. ఇది నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ పేరు పెట్టించాలని నేను పట్టుబట్టడం వల్ల వాడు చనిపోయాడు. ఈ రెండింటికీ తేడా చూపించమంటే చూపించలేను.

పత్రికలో సవరణ వేయాలి. నువ్వు వద్దంటే వేయను. ఐలిఫ్ విలాసం ఈ ఉత్తరం వెనక రాశాను.

సిగ్నె


స్కార్వొయ
4 ఆగస్టు 1957

వదినకి,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను. అప్పుడు "అయితే మనింట్లో పోయింది చిన్నవాడొక్కడే అన్నమాట" అంది. తర్వాత పెట్టెలోంచి వానకోటు తీసుకుని రేవుకి వెళ్ళి, రాయి పెట్టి చుట్టి నీళ్ళలో వేసింది. నేను ఆపలేదు.

నీ దగ్గు గురించి రాశావు. నాకు తెలుసు. చర్చి మెట్ల దగ్గర నువ్వు ఆగి దగ్గావు, మూడుసార్లు, శాలువా నోటికి అడ్డం పెట్టుకుని. అప్పుడు పిల్లాడు నా దగ్గర ఉన్నాడు. నేను నీకు నీళ్ళిచ్చాను. నువ్వు తాగాక వాణ్ణి మళ్ళీ నీ చేతుల్లో పెట్టింది నేనే. అందుకని ఆ భారం అంతా నీ ఒక్కదానిదే అనుకోకు. సగం నాది, నేను మోస్తాను. కల మాత్రం నీదే. దాంట్లో నాకు భాగం లేదు.

సవరణ వేయి. మొదటి వార్త ఎంత ఉందో అంతే వేయి, అదే చోట. ఐలిఫ్ మునగలేదని, బతికి ఉన్నాడని. పిల్లాడి సంగతి అందులో కలపకు. వాడి గురించి పత్రికలో ఏమీ రాయకు.

వాడి శిలువ మీద పేరు చెక్కించాం. ఐలిఫ్, కింద రెండు తేదీలు, మధ్యలో ఎనభై ఒక్క రోజులు. ఆదివారం చర్చికి వచ్చినవాళ్ళు చదివి, తండ్రిదనుకుని ఒకసారి, తేదీలు చూసి ఇంకోసారి ఆగుతున్నారు. అత్త మార్చమంది, ఉత్త "పిల్లాడు" అని రాయిద్దామంది, పెద్దవాడు బతికుండగా ఆ పేరు మట్టిలో ఉంటే మంచిది కాదంది. నేను ఒప్పుకోలేదు. అందరి ముందూ, నీళ్ళు పోసి, నువ్వు ఎత్తుకుని ఉండగా పెట్టిన పేరు అది. వాడిది. ఇక దాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వను.

నీ తమ్ముడికి ఉత్తరం రాయి. నేను రాయను. అతను అడిగినట్టే పేరు పెట్టామని చెప్పు. ఆ పేరు ఇప్పుడు ఖాళీ లేదని, ఎప్పటికీ ఖాళీ కాదని చెప్పు. తాత పేరు బరువైందన్నాడుగా, దిగిపోయింది. అక్కడ ఎవరైనా నీ పేరేంటని అడిగితే చెప్పుకోవడానికి వేరేది చూసుకోమను. నీ దగ్గర జాబితా ఉంది కదా, మొత్తం పంపించు, అర్థాలతో సహా. ఎవరిదీ కాని పేరు ఒకటి ఎంచుకోమను.

ఏది ఎంచుకున్నాడో నాకు రాయకు.

తూరిద్